బస్సు పడుకునే చోటు

నర్సీపట్నం,
సోమవారం మధ్యాహ్నం.

దుర్గకు నీ బావ సత్తిరాజు రాసేది.

ఇక్కడ నేనూ, మన గౌతమీ, అమ్మా ముగ్గురం క్షేమం. రోలుగుంటలో మావయ్యా అత్తయ్యా కూడా కులాసాగానే ఉన్నారు. అంత దూరాన ఆ రాజస్థాన్ ఇసుకలో నువ్వు కూడా బాగున్నావనీ, బూటు కరిచిన మడమ మానిందనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అప్పుడు షాపులో ఎవరో పాసు పుస్తకం కాపీలు తీయించుకుంటున్నారు. కవరు మీద నీ చేతిరాత చూసి ఒకే పేజీ రెండుసార్లు తీసి ఇచ్చాను. ఆయన వెళ్లాక చదివాను. ట్రైనింగు మానేసి వచ్చేస్తానని రాశావు. 'నా బిడ్డ నన్ను వెతుక్కుంటూ ఒంటరిగా బస్సెక్కి కొండల్లోకి పోయిందంటే ఇంక నాకీ యూనిఫాం ఎందుకు బావా' అని రాశావు. మానేస్తున్నట్టు కాయితం కూడా రాసి పెట్టెలో పెట్టుకున్నానన్నావు.

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు, నా ఉత్తరం అందేదాకా ఆ కాయితం ఎవరికీ ఇవ్వకు అని మాత్రం అనగలిగాను. ఆదివారం ఒక్కరోజే మీకు ఫోన్లు ఇస్తారాయె. నీ వెనక వరసలో నిలబడ్డ అమ్మాయిల మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. నా పక్కన అమ్మ చెవి ఒగ్గి కూర్చుంది. అలాంటప్పుడు నోట్లోంచి వచ్చే మాట కాదు నేను చెప్పాల్సింది. అందుకే కరెంటు పోయి జిరాక్స్ మిషన్ ఊరుకున్న ఈ వేళలో షాపు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టులో వేస్తాను.

ముందు నువ్వు అడిగిన చిన్న సంగతులకు జవాబు చెప్పనీ. అవి చెబితే గాని పెద్దది చెప్పడానికి నాకు ధైర్యం చిక్కదు.

అత్తయ్య మోకాలి గురించి అడిగావు. మొన్న వెళ్లి చూశాను. తగ్గిందనే అంటోంది గాని మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది. జీడితోట పూత మీదుంది. మంచు ఎక్కువై పూత మాడుతుందేమోనని మావయ్య లేవగానే తోటకే పోతున్నారట. నువ్వు పంపిన ఫొటో అత్తయ్య పక్కింటి వాళ్లందరికీ చూపించింది. "టోపీ పెట్టుకుంటే మా దుర్గ మొహం ఇంత సిన్నదయిపోనాదేటి" అని ఒకటే గొడవ.

పాప అన్నం తింటోందా అన్నావు. తింటోంది. బీరకాయ ముక్క మాత్రం ఇప్పటికీ కంచం అంచుకి తోసేస్తుంది. పొద్దుట అంగన్‌వాడీకి వెళ్తోంది. మధ్యాహ్నం అమ్మ తీసుకొచ్చి షాపులో నా దగ్గర దింపి, తను కాసేపు నడుం వాలుస్తుంది. అక్షరాలు వచ్చాయా అని కూడా అడిగావు. వచ్చిన తీరు చెబితే నవ్వుతావు.

అంగన్‌వాడీలో జోగులమ్మ గారు పలక మీద అ, ఆ దిద్దిస్తే దీనికి ఎక్కలేదు. షాపులో మిషన్ దగ్గర మొదలైంది చదువంతా. నువ్వు వెళ్లిన కొత్తలో ఒకరోజు మూత ఎత్తి అద్దం మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి కాగితం మీద పడేసరికి దాని మొహం చూడాలి. నీకు పంపిన కాగితం అదే. తర్వాత రోజు బెల్లం ముక్క పెట్టింది. ఆ తర్వాత నా చెప్పు. చెప్పు అడుగున కంపెనీ పేరు ఉంటుంది కదా, అది కాగితం మీద పడితే "ఈ గీతలేటి నాన్నా" అంది. అక్షరాలమ్మా అన్నాను. "ఏటి సెప్తన్నాయి?" అంది. దేని మీద ఏ అక్షరం ఉన్నా అదేం చెబుతోందో తెలియాలి దానికి. పారేసిన కాగితాలన్నీ బెంచీ కింద కుప్ప పోసుకుని, అందులో తన పేరులో ఉండే 'గ'లన్నీ వేలితో పొడుస్తూ కూర్చునేది. అలా గ వచ్చింది, త వచ్చింది, మ వచ్చింది. ఒకసారి మూత ఎత్తి, అద్దం మీదకి వంగి, "అమ్మా" అని గట్టిగా అరిచి మూత వేసింది. కాగితం తెల్లగా వచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసి, "అరుపు పడనేదు నాన్నా" అంది. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ కాగితం పారెయ్యలేకపోయాను. ఇంకేమీ లేని తెల్ల కాగితమే. సొరుగులో ఉంది.

రాత్రిళ్లు నిన్ను అడుగుతోందా అని రాశావు. దానికి జవాబు చివర రాస్తాను దుర్గా. ముందు బస్సు సంగతి.

అది నీకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా, అదీ ఎక్కువ అమ్మ నోటి మీదుగా తెలిసింది. ఇప్పుడు మొదటి నుంచీ నేను చెబుతాను.

మన షాపు బస్సు కాంప్లెక్స్ గేటు పక్కనే కదా. కొయ్యూరు వెళ్లే సాయంత్రం బస్సు డ్రైవరు దేవుళ్లు గారిని నువ్వు చూసే ఉంటావు, నెరిసిన మీసాలాయన. బస్సు తియ్యబోయే ముందు మా పక్క కొట్లో టీ తాగుతారు. పాపకి ఆయనంటే చనువు. ఒకరోజు అడిగింది.

"తాతా, నీ బస్సు రేత్రికి ఇక్కడికి రాదేటి?"

"రాదమ్మా. రేత్రి కొయ్యూర్లో పడుకుంతాది. పొద్దున్న లేసి వస్తాది."

పాప ఆయన్నీ బస్సునీ మార్చి మార్చి చూసింది. "ఎలా పడుకుంతాది? పక్కకా, బోర్లానా?"

ఆయన నవ్వి, "అది నానెప్పుడూ సూడనేదమ్మా. నాను ముందే నిద్దరోతాను గదా" అన్నారు.

ఆయన సరదాకన్నారు. ఇది సరదాగా తీసుకోలేదు. ఆ తర్వాత రోజూ అదే గోల. సబ్బు పెట్టెని పక్కకి పడుకోబెట్టేది, బోర్లా తిప్పేది. "ఇలాగైతే సక్రాలు పైకుంతాయి, పొద్దున్న ఎవరు లేపుతారు?" "కళ్లు మూసుకుంతాదా? లైట్లే గదా కళ్లు?" అమ్మని అడిగింది, జోగులమ్మ గారిని అడిగింది, టీ కొట్టు అతన్ని అడిగింది. నన్నయితే ఎన్నిసార్లు అడిగిందో. ఒకనాడు షాపు నిండా జనం. కాపీలు లెక్కపెట్టుకుంటున్నాను. చొక్కా పట్టుకుని లాగి మళ్లీ అడిగింది. "నాకేం తెలుసమ్మా, కావాలంటే నువ్వే వెళ్లి చూసుకో" అన్నాను. తల కూడా ఎత్తలేదు నేను. నోటికొచ్చింది అనేశాను.

పిల్లలు అలాంటి మాటల్ని దాచుకుంటారని నాకు తెలియలేదు.

మూడు వారాల కిందటి మంగళవారం, మధ్యాహ్నం పొద్దు వాలే వేళ. కాలేజీ పిల్లలు అప్లికేషన్లు పట్టుకుని మీద పడుతున్నారు. పాప బెంచీ కింద కాగితాలతో ఉంది. ఓసారి చూసినప్పుడు ఉంది. ఇంకోసారి చూస్తే లేదు. మొదట కంగారు పడలేదు. టీ కొట్లో ఉంటుందనుకున్నాను. అక్కడ లేదు. అరటిపళ్ల బళ్ల దగ్గర లేదు. షాపు అలాగే వదిలేసి కాంప్లెక్స్ లోపలికి పరిగెత్తాను. ప్లాట్‌ఫారాలన్నీ తిరిగాను. మైకులో చెప్పించాను. "గులాబీ గౌను, మెడలో నల్లపూసలు, పేరు గౌతమి" అని మైకు దగ్గరున్నాయన చెబుతుంటే, అది మన పాప గురించేనా అనిపించింది. అమ్మ జుట్టు విరబోసుకుని చెప్పుల్లేకుండా వచ్చింది. ఎవరో చెరువు వైపు కూడా ఒకసారి చూడండన్నారు. ఆ మాట అన్నవాడి మొహం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. అతను మంచికే అన్నాడు. వెళ్లి చూశాను కూడా. గట్టున నిలబడి నీళ్లకేసి చూసిన ఆ కాసేపు నేను ఏమనుకున్నానో నీకు రాయను.

దీపాలు పెట్టే వేళకి దేవుళ్లు గారి ఫోన్ వచ్చింది. దారిలో సిగ్నల్ లేక ఆలస్యమైందట.

"సత్తిబాబూ, కంగారు పడకు. పిల్ల నా కాడే ఉన్నాది. కొయ్యూర్లో ఉన్నాం. బాగుంది."

బండి వేసుకుని ఒక్కణ్నే వెళ్లాను. గొలుగొండ ఎప్పుడు దాటానో, ఘాట్ ఎలా ఎక్కానో తెలియదు. వెళ్లేసరికి బస్సు ఆగే చోట ఒక పెద్దావిడ నిలబడి ఉంది. కొయ్యూరు ఆవిడే, సోమలమ్మ అని పేరు. చింతపండు అమ్ముకోవడానికి నర్సీపట్నం వచ్చి అదే బస్సులో వెనక్కి వెళ్లిందట. పాప ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చుంటే, అవతల సీట్లో ఉన్నామె కూతురనుకుంది. అవతలి ఆమె ఈవిడ మనవరాలనుకుంది. అయిదేళ్లు నిండని పిల్ల, టికెట్ అక్కర్లేదు, కండక్టరూ పట్టించుకోలేదు. గొలుగొండ దాటక ముందే పాప సోమలమ్మ ఒళ్లో నిద్రపోయింది. అవతలి ఆమె మధ్యలో దిగిపోయాక గాని ఈవిడకి అనుమానం రాలేదు.

పాప ఎక్కడుందో తెలుసా? బస్సు ముందు గొంతుకూర్చుని ఉంది. టైరు మీద చెయ్యి వేసి ఉంది. ఎవరో ఇచ్చిన ఉడికించిన చిలగడదుంప రెండో చేతిలో ఉంది. నన్ను చూసి, నేను అక్కడికి రావడం మామూలే అన్నట్టు, "నాన్నా, ఇంకా పడుకోనేదు" అంది.

చెయ్యి ఎత్తాను దుర్గా. సోమలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "కొట్టకయ్యా. పిల్ల ఏడవనేదు, బయపడనేదు. బస్సు కాడే కూసున్నాది. నీ బయం దాని మీదెందుకు ఏస్తావు" అంది.

కొట్టలేదు. కొట్టినా బాగుండేదేమో. బండి మీద ముందు కూర్చోబెట్టుకుని, దాని చెవి దగ్గర, "ఇంకోసారి అదేటి ఇదేటి అని ఏదైనా అడిగావంటే నాన్న నీతో మాట్లాడడు. ఎప్పటికీ మాట్లాడడు" అన్నాను. ఒకసారి కాదు. దారి పొడుగునా అంటూనే వచ్చాను. మధ్యలో కృష్ణదేవిపేట దగ్గర టీకి ఆగాను. అక్కడ మా ఇద్దరికీ ఒక మాట జరిగింది. అది కూడా చివర రాస్తాను.

ఇంటికి వచ్చేసరికి వీధి వీధంతా మన గుమ్మంలో ఉంది. అమ్మ పాపని మీదకి లాక్కుని ఏడుస్తోంది. "తల్లిని ఎతుక్కుంతా ఎల్లిపోనాది నా తల్లి. అమ్మ బస్సెక్కి ఎల్లిందనుకున్నాది గావాల" అంది. అంతే. ఆడవాళ్లంతా కొంగులు కళ్లకి పెట్టుకున్నారు. తెల్లారేసరికి ఆ మాట కాంప్లెక్స్‌దాకా పాకింది. షాపుకి వచ్చిన ప్రతివాళ్లూ, "మీ పాప వాళ్లమ్మ కోసం వెళ్లిందటగా" అనడమే. ఆ ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు అమ్మ నీకూ అదే చెప్పింది. నువ్వు ఏడుస్తూ, "నిజమేనా బావా" అని నన్ను అడిగావు. "అవును" అన్నాను.

ఆ తర్వాత పాప ఫోన్లో మాట్లాడ్డం మానేసిందని నువ్వు రాశావు. నీ మీద బెంగతో మూగదైపోయిందని రాశావు. పాప మాటలు తగ్గిన మాట నిజమే. కారణం మాత్రం నువ్వనుకున్నది కాదు.

కొయ్యూరు నుంచి వచ్చాక పాప ఏమీ అడగలేదు. మొదటి రెండు మూడు రోజులు నాకు హాయిగానే ఉంది, అబద్ధం ఎందుకు. షాపులో పని సాగింది. బెంచీ మీద కూర్చోమంటే కూర్చునేది. మిషన్ మూత ముట్టుకోలేదు. కాగితాల కుప్ప దగ్గరకి పోలేదు. బుద్ధిమంతురాలైందని అమ్మ మురిసింది. తర్వాత జోగులమ్మ గారు దార్లో కనిపించి, "పిల్లకి ఒంట్లో బాగుందా అండీ" అని అడిగింది. కొత్త బొమ్మల పుస్తకం తెస్తే పిల్లలంతా మీద పడ్డారట, ఇది మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. 'మ' చూపించి ఇదేంటమ్మా అంటే తెలీదందట. తనంతట తను నేర్చుకున్న 'మ' అది.

ఆ సాయంత్రమే దేవుళ్లు గారు టీకి వచ్చారు. పాపని చూసి, "ఏటమ్మా, ఇయ్యాల నన్నొక్క మాటా అడగవేటి?" అన్నారు. పాప నోరు తెరిచింది. తెరిచి, ఆయనకేసి కాదు, నాకేసి చూసింది. నా మొహం ఎలా ఉందో చూసుకుంది. మళ్లీ నోరు మూసేసుకుంది.

దుర్గా, నాలుగేళ్ల పిల్ల ఒక మాట అడగడానికి ముందు తండ్రి మొహం చూసి భయపడింది.  ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా అది నేర్చుకున్నదంతా అడిగీ అడిగీ నేర్చుకున్నదే. మాటలు, లెక్క, అక్షరాలు, ఏ కాయ వగరు, ఏ చీమ కుడుతుంది, అన్నీ. ఆ దారికే నేను అడ్డంగా బండరాయి పడేశాను.

దేవుళ్లు గారు గ్లాసు కింద పెట్టి వెళ్లబోతుంటే, "రేపు మేమిద్దరం మీ బస్సుకి వస్తాం" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. "ముందు సీటు ఉంచుతాను" అన్నారు.

మర్నాడు షాపు పెందలాడే మూసేశాను. పాపని ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కొయ్యూరు వెళ్తున్నామని చెప్పాను. మాట్లాడలేదు. నేను తీసుకెళ్తున్నది శిక్షకో ఏమో అనుకున్నట్టుంది, నా వేలు గట్టిగా పట్టుకుంది. గొలుగొండ దగ్గర ఎవరో బెల్లం వండుతున్నారు. బస్సంతా ఆ వాసన నిండింది. ఒకప్పుడైతే ఆ ఒక్క వాసన మీద పది అడిగేది. ముక్కు ఎగబీల్చింది, ఊరుకుంది. ఘాట్ ఎక్కుతుంటే లోయకేసి చూసింది, ఊరుకుంది.

కొయ్యూర్లో అందరూ దిగిపోయారు. దేవుళ్లు గారు బస్సుని దాని చోట పెట్టి ఇంజిన్ ఆపారు. సోమలమ్మ ఇల్లు అక్కడికి దగ్గరే. మమ్మల్ని చూసి ఆవిడా వచ్చింది. నేను పాప పక్కన, బస్సు ముందు, నేల మీద గొంతుకూర్చున్నాను.  అప్పుడు బస్సు లోపల్నుంచి చిన్నగా టిక్కుమని చప్పుడు. కాస్త ఆగి మళ్లీ టిక్కుమంది. పాప తల పక్కకి వంచింది. దానికి అడగాలని ఉంది. కళ్లలో కనిపిస్తోంది. అడగలేదు.

నేను అడిగాను. "దేవుళ్లు గారూ, అదేం చప్పుడండీ?" పాప కోసం అడిగింది కాదు, నిజంగా నాకూ తెలియదు.

"ఇంజిన్ సల్లారతన్నాది బాబూ. ఏడెక్కిన ఇనుము సల్లారినప్పుడు అలా సప్పుడు సేస్తాది" అన్నారాయన.

"ఎంతసేపు చేస్తుంది?"

"సాలాసేపే సేస్తాది."

"అది ఆగిపోతే?"

"ఆగిపోతే పడుకున్నట్టే."

పాప నన్నే చూస్తోంది. నాన్న ఒకదాని తర్వాత ఒకటి అడుగుతున్నాడు. ఎవరూ కోప్పడ్డం లేదు. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుని, వినపడీ వినపడనట్టు, "అయితే నిలబడే పడుకుంతాదా నాన్నా?" అంది.

"అవునమ్మా. అలాగే ఉంది" అన్నాను. 

"మరి కాళ్లు నొప్పెట్టవా?"

సోమలమ్మ నవ్వింది. "మా కోళ్లు కూడా కర్ర మీద కూకునే నిద్దరోతాయమ్మా. రా, సూపిస్తాను" అంది. ఇంక చూసుకో. కోళ్లు పడవా, పడితే మేలుకుంటాయా, పుంజు ఎందుకు చివర్న కూర్చుంది, చింతపండు అంత పుల్లగా ఉంటే చెట్టుకి పళ్లు జివ్వుమనవా. అన్నం తింటూ అడిగింది, చెయ్యి కడుక్కుంటూ అడిగింది. సోమలమ్మ తెలిసినవి చెప్పింది. తెలియనివాటికి, "నాకు తెల్దు, నువ్వే పెద్దయ్యాక సూసి నాకు సెప్పు" అంది. నేను గోడకి జారబడి వింటూ కూర్చున్నాను. ఇంత కాలం నా చుట్టూ రోజంతా మోగిన చప్పుడు అది. అది ఆగిపోయినప్పుడు మన ఇల్లు ఎలా అయిపోయిందో అప్పుడు తెలిసింది నాకు. పొద్దున్న అదే బస్సులో వచ్చేశాం. ఇప్పుడు మళ్లీ మిషన్ మూత ఎత్తుతోంది. దీంతో పాటు పంపుతున్న కాగితం మీద ఉన్నది దాని కుడి అరికాలు. చెయ్యి వద్దంది, అమ్మ దగ్గర చెయ్యి ఇప్పటికే ఉందంది.

ఇప్పుడు ఆ మాట రాస్తాను. రాయకపోతే ఇంతసేపు రాసిందంతా దండగ.

కృష్ణదేవిపేటలో టీకి ఆగానని చెప్పాను కదా. పాపకి బన్ను కొనిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మ కోసం వెళ్లావా తల్లీ?" అని అడిగాను. నాకూ అదే అనుమానం. పాప నాకేసి, ఈయనకి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "అమ్మ రైల్లో గదా ఎల్లింది. కొయ్యూరికి రైలు నేదు గదా" అంది. "బస్సు ఎలా పడుకుంతాదో సూద్దామని ఎల్లాను. నువ్వే ఎల్లి సూసుకోమన్నావు" అంది.

అంతే దుర్గా. అది నిన్ను వెతుక్కుంటూ వెళ్లలేదు. అమ్మ తెలియక అంది. వీధి తెలియక అంది. నేను తెలిసి ఊరుకున్నాను. నువ్వు "నిజమేనా బావా" అని అడిగినప్పుడు తెలిసే "అవును" అన్నాను. పాప మాటలు మానేసింది నీ మీద బెంగతో అని నువ్వు రాస్తే, అది నా మూలంగా అని తెలిసి కూడా మూడు రోజులు జవాబు రాయకుండా కూర్చున్నాను.

ఎందుకలా అన్నానో నేను చాలా ఆలోచించాను. నువ్వు వస్తావని అన్నాను.

ఇంట్లో నిన్ను వెతుక్కుంటున్నది పాప కాదు. నేను. షాపు మూశాక తిన్నగా ఇంటికి వెళ్లను. కాలేజీ గ్రౌండ్ వైపు తిరిగి వెళ్తాను. సెలెక్షన్ల కోసం నువ్వు అక్కడ పరిగెత్తేదానివి, నేను పాపని భుజాన వేసుకుని గట్టు మీద కూర్చునేవాణ్ని. ఒక్కో చుట్టు తిరిగి నా ముందు నుంచి వెళ్లేటప్పుడు నువ్వు నాకేసి చూసేదానివి కాదు, ఊపిరి చెదురుతుందని. కానీ చెయ్యి కొంచెం ఎత్తేదానివి. ఇప్పుడు అక్కడ వేరే ఆడపిల్లలు పరిగెడుతుంటారు. కాసేపు నిలబడి చూసి వస్తాను. పోలీసు కావాలనో, సైన్యంలో చేరాలనో వాళ్లు పడే ఆ కష్టం చూస్తే, నిన్ను వెనక్కి లాగడానికి నేను వాడిన మాట గుర్తొస్తుంది. సిగ్గేస్తుంది. మర్నాడు మళ్లీ వెళ్తాను.

నాకు నువ్వు లేకపోతే తోచదని, రమ్మని, నేను నేరుగా అడగలేకపోయాను. మగవాణ్ని, నలుగురిలో 'మా ఆవిడ ఫోర్సులో చేరింది' అని కాలరు ఎత్తుకు తిరిగినవాణ్ని, ఎలా అడగను. పాప పేరు వాడుకున్నాను. నీ కన్నీళ్లతో నిన్ను రప్పించుకోవాలనుకున్నాను. అది మంచి పని కాదు.

నిన్న రాత్రి అమ్మకి చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. పక్క దులిపి వేసింది. తర్వాత, "బేగి రాసీరా. పిల్ల అక్కడ ఏడుస్తా ఉంతాది" అంది. నేను చెప్పింది గౌతమి గురించి. అమ్మ అన్న పిల్ల నువ్వు.

పాపకి నీ మీద ప్రేమ లేదని కాదు దుర్గా. ఆ ఒక్క సంగతి మనసులో పెట్టుకోకు. రాత్రిళ్లు అడుగుతోందా అన్నావుగా, అడుగుతుంది. ఏడుస్తూ కాదు, తెలుసుకోవాలని. అమ్మ తుపాకీ నీళ్ల బిందె కన్నా బరువా, ఇసుకలో పరిగెడితే కాళ్లు లోపలికి పోవా, అక్కడి కాకులు మన కాకుల్లాగే అరుస్తాయా అని. నువ్వు ఎక్కడున్నా ఉన్నావన్నదాంట్లో దానికి అనుమానం లేదు. ఆ ధైర్యం ఉండబట్టే అది కొండ అవతలికి కూడా వెళ్లి చూసొచ్చింది. ఆ ధైర్యం నువ్వు ఇచ్చిందే. నాకు అంత లేదు.

ఆ కాయితం చింపెయ్యమని నేను చెప్పను. నువ్వే ఆలోచించుకో. ఒక్క మాట, నువ్వు వచ్చేస్తే నేను ఎంత సంతోషిస్తానో రాయడానికి భయంగా ఉంది, అందుకే నా మాట లెక్కలోకి తీసుకోకు. పాప బాగుంది. అమ్మ బాగుంది. ట్రైనింగు పూర్తయ్యే రోజు పరేడ్‌కి ఇంటివాళ్లని రానిస్తారని రాశావు కదా. ముగ్గురం వస్తాం. పాప దారి పొడుగునా రైలు గురించి ఎన్ని అడుగుతుందో, నేను అన్నిటికీ తల ఎత్తి జవాబు చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను.

నా మీద కోపం వస్తే రానీ. కోపంగానే రాయి, కానీ రాయి. ఆదివారం ఫోన్లో నాతో మాట్లాడాలని లేకపోతే పాపతో మాట్లాడు. ఇప్పుడు అదే ఫోన్ లాక్కుంటుంది, చూడు.

ఇది రాస్తుండగా పాప అంగన్‌వాడీ నుంచి వచ్చి పక్కన కూర్చుంది. ఎవరికని అడిగింది. అమ్మకని చెప్పాను. అయితే తనదీ ఒకటి రాయమంది. అమ్మ అక్కడ పడుకున్నప్పుడు తల మన వైపు పెట్టుకుంటుందా, కాళ్లు మన వైపు పెడుతుందా అని. నాకు తెలియదమ్మా అన్నాను. "మరి కనుక్కో" అంది.

దీనికి మాత్రం ఆలస్యం చెయ్యకుండా జవాబు రాయి. అది అడిగిన దగ్గర్నుంచి నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఇట్లు,
నీ రాక కోసం, నీ గెలుపు కోసం కూడా చూసే
నీ బావ,
సత్తిరాజు.